చిందులూ వేషాలూ: ఎవరి పని? ఎవరి తిట్టు?

పోయిన ఎండాకాలం ఒక జిల్లా కేంద్రంలో జరిగిన సభకు మేము నలుగురం వెళ్లాం. సభ మనవాళ్లదే. వేదిక మీద ఫూలే, అంబేద్కర్ ఫొటోలు, పక్కన కట్టిన గుడ్డ చాటున చిందు కళాకారులు ముఖాలకు అర్దళం పూసుకుంటూ తమ వంతు కోసం చూస్తున్నారు. ఉపన్యాసాలు సాగుతూనే ఉన్నాయి. వెనక కుర్చీల్లో కుర్రాళ్లకు విసుగొచ్చింది. ఈలలు వేస్తూ, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. మైకు ముందున్న నాయకుడు నలభై ఏళ్లుగా ఉద్యమంలో నలిగిన మనిషి. కోపమొచ్చి, "ఏందిరా ఆ చిందులు? ఇది సభ అనుకున్నరా, బాగోతం అనుకున్నరా? కూసోండ్రి" అని కసిరాడు. కుర్రాళ్లు కూర్చున్నారు. గుడ్డ చాటున అర్దళం పూసుకుంటున్న ఒక చెయ్యి చెంప మీదే కాసేపు ఆగిపోవడం మాలో ఒకరు చూశారు. ఆ రాత్రి తర్వాత ఏమైందో చివర్లో చెప్తాం.

ఆ నాయకుణ్ణి తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మేమూ అదే భాషలో పుట్టి పెరిగినవాళ్లం, మా నోళ్లలోనూ ఆ మాటలే ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని ఒక పని చేశాం. తెలుగులో వెర్రిమొర్రి చేష్టల్ని, కోతి పనుల్ని, అల్లరిని, నవ్వించే గంతుల్ని చెప్పే మాటలు ఎవరికి గుర్తొచ్చినవి వాళ్లం చెప్పుకుంటూ కాగితం మీద రాశాం. సగం దారిలోనే కాగితం రెండువైపులా నిండింది. చిందులెయ్యడం, చిందులు తొక్కడం, వేషాలెయ్యడం, పగటివేషాలు, తైతక్కలాడడం, కుప్పిగంతులు, కోతి చేష్టలు, గారడీ చెయ్యడం, గంగిరెద్దులా తలూపడం, తందానా అంటే తానతందానా అనడం, డప్పు కొట్టుకోవడం, టముకు వెయ్యడం, బుడబుక్కలోడి వేషం, కోణంగి చేష్టలు, బుడ్డర్‌ఖాన్ లెక్క చేయడం, దొమ్మరాట. ఇంకా ఉన్నాయి, కొన్ని ఇక్కడ రాయలేం.

ఒక్కొక్క మాట పక్కన, ఆ పని చేసి కడుపు నింపుకున్న వాళ్లెవరో రాద్దామని మాలో ఒకరన్నారు. రాస్తూపోతే నవ్వులాట కాస్తా ఆగిపోయింది. చిందు మాదిగల ఆశ్రిత కులమైన చిందువాళ్లది. డప్పు, టముకు మాల మాదిగల వెట్టి. గంగిరెద్దు గంగిరెద్దులవాళ్లది. బుడబుక్క బుడబుక్కలవాళ్లది. తందానా, జంగం కథలో పక్కనున్న వంతలు పలికే పల్లవి. అది బుడగ జంగాల గొంతు. గడ మీద ఆట దొమ్మరవాళ్లది. కోతిని ఆడించేవాళ్లు, పాముల్ని ఆడించేవాళ్లు, గారడీవాళ్లు అందరూ ఊరి బయట గుడారమేసుకుని, మూడు రోజులుండి ముందుకు కదిలేవాళ్లు. వీళ్లలో కొందరు ఎస్సీ జాబితాలో, కొందరు బీసీ ఏ గ్రూపులో ఉన్నారు. తెలుగువాడు మరొక తెలుగువాణ్ణి 'బుద్ధిలేని పని చేస్తున్నావు' అని తిట్టాల్సి వచ్చినప్పుడు ఈ కులాల జీవనాధారం పేరు తీసుకొచ్చి ముఖాన కొడుతున్నాడు. పని చేసినవాడికి గింజలు దొరికాయో లేదో గానీ, భాషకు మాత్రం తిట్లు పుష్కలంగా దొరికాయి.

ఇక్కడ పండితులు ఒక అభ్యంతరం చెప్తారు. చిందు అంటే అడుగు, అది పాత నాట్య పదం, కులం పేరే దాన్నుంచి వచ్చింది గానీ కులం నుంచి తిట్టు రాలేదు అని. కావచ్చు. మాట ఎక్కడ పుట్టిందన్నది మా ప్రశ్న కాదు. అడుగుకు మరెన్నో పేర్లున్నాయి కదా. అడవు ఉంది, జతి ఉంది, తీర్మానం ఉంది. 'నా ముందు అడవులెయ్యకు' అని ఏ తల్లీ పిల్లాణ్ణి తిట్టదు. తీర్మానమైతే ఏకంగా అసెంబ్లీలో, పార్టీ ఆఫీసుల్లో కూర్చుంది. 'తై తక' అన్న అక్షరాలు రవీంద్రభారతి వేదిక మీద పలికితే జతులు, వీధిలో పలికితే తైతక్కలు. తేడా కాలి కింది చప్పుడులో లేదు, కాలు ఎవరిదన్న దాంట్లో ఉంది.

వేషం సంగతీ అంతే. ఈ మాటలో ఒక చిత్రం గమనించాం. ఏకవచనంలో ఉన్నంతసేపు దానికి గౌరవం. కృష్ణుడి వేషం, సత్యభామ వేషం. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే తెలుగుజాతి ఉప్పొంగింది. అది గొప్ప కళే, కాదనడానికి మేమెవరం? కానీ అదే మాట బహువచనంలో పడగానే దొంగతనం, పొగరు, వెకిలితనం అన్నీ దానికి అంటుకుంటాయి: 'వేషాలేస్తున్నావా?' బహువచనంలో వేషాలు కట్టిందెవరు? రోజుకొక వేషంతో ఇంటింటి ముందు నిలబడ్డ పగటివేషగాళ్లు. పొద్దున అర్ధనారీశ్వరుడు, మర్నాడు సోమయాజులు సోమిదేవమ్మ, ఆ మర్నాడు కోమటి. కూచిపూడి వాళ్లూ ఒకప్పుడు పగటివేషాలు కట్టినవాళ్లేనన్నది గుర్తుపెట్టుకోవాలి. వాళ్లు సభావేదిక మీదికి వెళ్లేటప్పుడు ఏకవచనాన్ని వెంట తీసుకెళ్లి, బహువచనాన్ని వీధిలో మిగిలినవాళ్లకు వదిలిపెట్టారు.

భాగవతం, బాగోతం కూడా ఇలాంటి జంటే. ఒత్తు ఉంటే పోతన గ్రంథం. ఒత్తు జారిపోతే 'వాడి బాగోతం బయటపెడతా.' మనవాళ్ల నాలుకకు ఒత్తు తిరగదని ఎగతాళి చేసే పంతుళ్లు, ఆ ఒత్తుతో పాటు మర్యాద కూడా రాలిపోయేట్టు ఎవరు ఏర్పాటు చేశారో పిల్లలకు చెప్పరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఈ మాటలన్నిటినీ ఒక వరసలో పెట్టి చూస్తే వీటిలో ఉన్నది ఒళ్లు మాత్రమే. కాళ్లున్నాయి: చిందులు, గంతులు, తైతక్కలు. చేతులున్నాయి: డప్పు, టముకు. తల ఉంది, అది ఊగడానికి. బట్టలున్నాయి, బుడబుక్కలోడి అతుకుల కోటు. లేనిది నోరు. తందానా ఒక్కటి నోటితో చేసేదే, కానీ అది సొంత మాట కాదు, మరొకడి మాటకు వంత. అటువైపు నవ్వుకు ఉన్న మర్యాదస్తుల పేర్లు చూడండి. చమత్కారం, ఛలోక్తి, చతురోక్తి, వక్రోక్తి, శ్లేష, చాటువు. అన్నీ మాటకు సంబంధించినవే. సగం పేర్లలో 'ఉక్తి' అన్న ముక్క కూర్చునే ఉంది. తెనాలి రామకృష్ణుడు ఎన్ని కోతి పనులు చేశాడని కథలు చెప్పుకుంటాం! కుండ నెత్తిన పెట్టుకుని కొలువుకు వచ్చాడంటారు, ఇంకేమేమో చేశాడంటారు. అయినా ఆయనకు దక్కిన పేరు వికటకవి. పేరు చివర కవి ఉంది. అదే పని ఒక కేతిగాడు చేస్తే వాడు గెంతాడంటాం. అంటే నవ్వు అనే ఉమ్మడి ఆస్తిని పంచేటప్పుడు ఉక్తి వాళ్ల వాటాకు, గంతు మన వాటాకు వచ్చింది.

ఇది అబద్ధపు పంపకం. చిందు యక్షగానం చూసినవాళ్లెవరైనా చెప్పగలరు, అందులో కాళ్ల కంటే నాలుక ఎక్కువ ఆడుతుంది. జాంబపురాణంలో జాంబవముని, బ్రాహ్మణుడు ఎదురెదురుగా నిలబడి ఎవరు ముందు పుట్టారో తేల్చుకుంటారు. భూమి కంటే ఆర్నెల్లు ముందు పుట్టినవాణ్ణని జాంబవుడంటాడు. బ్రాహ్మణుడు ఒక్కొక్క మెట్టే వెనక్కి తగ్గుతాడు. జనం పగలబడి నవ్వేది అక్కడే. సృష్టి క్రమాన్నీ కులక్రమాన్నీ తలకిందులు చేసే వాదన అది. శాస్త్రచర్చ అనాల్సిన దాన్ని చూసి, మన భాష కాళ్లను మాత్రం గుర్తుపెట్టుకుని, ఆ కాళ్ల పేరుతో తిట్టు తయారు చేసుకుంది. వాదన నిఘంటువు దాకా రాలేదు.

నోటిని ఎందుకు దాచాల్సి వచ్చింది? ఈ ప్రశ్నకు నాట్యశాస్త్రం చివరి అధ్యాయం ఒక జవాబు ఇస్తుంది. భరతుడి కొడుకులు నాట్యం బాగా నేర్చి, ఆ గర్వంతో ఋషులను వెక్కిరిస్తూ ప్రదర్శన ఇచ్చారట. ఋషులకు కోపం వచ్చి, మీరు శూద్రులవుతారు, మీ వంశంలో పుట్టేవాళ్లూ శూద్రులే అవుతారని శపించారట. కథే కావచ్చు. ఆ కథ రాసుకున్నవాళ్లు తమ భయాన్ని దాచుకోకుండా చెప్పారు. తమను చూసి నవ్వినవాడికి కులమే శిక్ష. ఇక సంస్కృత నాటకాల్లోని విదూషకుడు బ్రాహ్మణుడే అయినా సంస్కృతం మాట్లాడడు, ప్రాకృతం మాట్లాడతాడు. నవ్వించే పని చేసేటప్పుడు కులం నిలిచింది, భాష ఒక మెట్టు దిగింది. అంత జాగ్రత్త.

మన వీధినాటకాల్లో, బొమ్మలాటలో నవ్వించేవాడికి దిగడానికి మెట్టు కూడా లేదు, వాడు కిందే ఉన్నాడు. వాడి పేరు చూడండి. కేతిగాడు, జుట్టుపోలిగాడు, సింగడు, సుంకరి కొండడు. పోలేరమ్మ పేరు పెట్టుకున్న పోలయ్యలు, పోలమ్మలు మన వాడల్లో ఎంతమంది! సింగడూ కొండడూ మన తాతల పేర్లే. రాముడి బొమ్మకు కిరీటం, రంగుల అద్దకం, పేరు చివర 'వారు'. కేతిగాడికి నల్లటి ఒళ్లు, పేరు చివర 'గాడు'. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడతాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల ఆటలో రాత్రి పొడుగునా రామాయణం నడుస్తుంటే, మధ్యలో కేతిగాడూ బంగారక్కా దూసుకొచ్చి ఊళ్లో జరిగే సంగతులన్నీ మాట్లాడతారు. లంకాదహనం ఎంత ఘనంగా చేసినా ఊరు తెల్లారి చెప్పుకునేది కేతిగాడి మాటల గురించే.

అయితే మేము ఇక్కడ ఒక మాట దాచుకోదలచుకోలేదు. హాస్యగాడు పుట్టుకతోనే తిరుగుబాటుదారుడని ఈమధ్య కొందరు పరిశోధకులు రాస్తున్నారు. అంత తేలిక కాదు. కేతిగాడి హాస్యంలో సగం ఆడవాళ్ల మీద బూతు. గుడ్డివాళ్లు, చెవిటివాళ్లు, నల్లటివాళ్లు వాడికి ఆటవస్తువులు. వీధినాటకాల్లో ఎరుకల సింగీ సింగడూ నవ్వుల కోసమే వస్తారు, ఆ నవ్వు ఎరుకలవాళ్ల మీద. తెలంగాణ వైపు హాస్యగాడికి బుడ్డర్‌ఖాన్ అన్న తురక పేరు ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించాల్సిందే. బంగారక్క ఎంత గడుసుగా మాట్లాడినా ఆ గొంతు వెనక ఎవరి కోరికలు పలుకుతున్నాయో స్త్రీవాదులు అడిగితే జవాబు చెప్పాలి. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ లాంటి మనిషి మగవేషాలు కూడా కట్టి, 2005లో చనిపోయేదాకా ఆటను నిలబెట్టింది. ఆమె కాలికి మొక్కిన ఊళ్లలోనే, ఇంట్లో ఆడపిల్ల గట్టిగా నవ్వితే 'ఏందే ఆ చిందులు' అనే అన్నారు. ఈ మాటలు మగవాడికి తగిలినప్పుడు గీరుకుపోతాయి, ఆడదానికి తగిలినప్పుడు లోపలికి దిగుతాయి. దొమ్మరి అన్న మాటకు ఆడవాళ్ల విషయంలో ఏ అర్థం అంటగట్టారో తెలిసిందే. ఇరవై అడుగుల గడ మీద పొట్ట ఆనించి గిరగిరా తిరిగిన ఆడమనిషి నేర్పు గురించి ఆ మాటలో ఒక్క అక్షరం మిగల్లేదు.

ఇంకో అభ్యంతరమూ ఉంది. పైకులాల వాళ్ల పనులూ తిట్లయ్యాయి కదా, 'హరికథలు చెప్పకు' అంటాం, 'శఠగోపం పెట్టాడు' అంటాం, 'పంగనామాలు పెట్టాడు' అంటాం, అని మా మిత్రుడొకరు అన్నారు. బాగుంది. కానీ ఆ తిట్లు ఏం చెప్తున్నాయి? ఎదుటివాడు తెలివైనవాడు, మాటకారి, మోసగాడు అని. మోసం చెయ్యాలంటే బుర్ర ఉండాలి. మన పనుల తిట్లు బుర్ర లేదని చెప్తాయి. అవధానాన్ని తీసుకోండి. ఒకేసారి నాలుగు పనులు నెట్టుకొచ్చే గృహిణిని 'అష్టావధానం చేస్తోంది' అని మెచ్చుకుంటాం. ఎనిమిది మంది పృచ్ఛకుల మధ్య తూకం తప్పని అవధాని గొప్పవాడే. తాడు మీద, ఒళ్లో బిడ్డతో, తూకం తప్పకుండా నడిచిన దొమ్మరామె ఏమైంది? ఆమె తూకం తప్పితే మెడ విరుగుతుంది, అవధాని తప్పితే పద్యం విరుగుతుంది. మెచ్చుకోలు మాత్రం పద్యానికే.

కోణంగి కథ కొంచెం వేరు. తెలుగులో ఆ మాట ఇప్పుడు పుస్తకాల్లోనే ఎక్కువ. వెర్రి చేష్టలవాడు అని అర్థం. సరిహద్దు దాటి తమిళంలోకి వెళితే కోణంగి అంటే విదూషకుడే కాదు, చిన్న డమరుకం లాంటిది వాయిస్తూ తెల్లారగట్ల జోస్యం చెప్పే మనిషి కూడా. ఆ పని చేసేవాళ్లలో ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే వాళ్లున్నారు. మన బుడబుక్కలవాడికి అక్కడి తోబుట్టువన్నమాట. ఒకే పేరు కింద జోస్యమూ వెర్రితనమూ రెండూ ఉండడం యాదృచ్ఛికమని మేము అనుకోలేం. చీకటితో లేచి, ఊరు మేలుకోకముందే ఊరి మంచిచెడ్డలు చెప్పినవాణ్ణి పొద్దెక్కాక చూసి నవ్వడం పెద్దమనుషులకు అవసరమై ఉంటుంది.

ఇక బడి. పిల్లల అల్లరికి తెలుగులో ఉన్న మాటలు ఒక నిచ్చెన. పై మెట్టు మీద లీల ఉంది. వెన్న దొంగిలించడం, ఆడవాళ్ల చీరలెత్తుకుపోవడం లీలలు. దాని కింద చిలిపితనం, కొంటెతనం, ముద్దుచేష్టలు. ఇంకా దిగితే అల్లరి, ఆకతాయితనం. అట్టడుగున వెకిలితనం, చిల్లర వేషాలు. పిల్లవాడు ఒకే పని చేసినా ఏ మెట్టు మీద నిలబెడతారన్నది వాడి ఇంటిపేరు చూసి తేలుతుంది. మాలో ఒకరు ఏడో తరగతిలో ఉన్నప్పుడు, ఆయనా ఊరి పెద్దరైతు కొడుకూ కలిసి సారు నడకను అనుకరించి చూపించారు. సారుకు దొరికిపోయారు. రైతు కొడుకుకు చెవి మెలిపెట్టి, 'అల్లరి ఎక్కువైందిరా నీకు' అన్నారు. మావాడికి దెబ్బ పడలేదు. 'మీ తాత బుద్ధులు ఎక్కడికి పోతయ్? వాడకు పోయి వేసుకో ఆ వేషాలు' అన్నారు, అంతే. తాత హనుమంతుడి వేషానికి చుట్టుపక్కల పేరున్నవాడు. అప్పటిదాకా మావాడికి అది గొప్ప. ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా ఆయన క్లాసులో నోరు తెరవలేదు, జవాబు తెలిసినా చెయ్యెత్తలేదు. ఇప్పుడు కాలేజీలో పాఠం చెప్తున్నాడు. క్లాసులో పిల్లలు నవ్వితే తన చెయ్యి ముందు ముఖం మీదికి పోతుందని చెప్పాడు.

అదే తిట్టు బలమున్నవాడికి తగిలితే ఏమవుతుందో సినిమా పోస్టర్లు చూస్తే చాలు. దేశముదురు 2007లో, జులాయి 2012లో వచ్చాయి. రెండింటిలోనూ అల్లు అర్జున్ హీరో. 2006లో మహేశ్‌బాబు పోకిరి. పోలీసోడు మన కుర్రాణ్ణి పట్టుకున్నప్పుడు వాడే మాటలు, పెద్దింటి హీరోల మెళ్లో దండలయ్యాయి. పోకిరి అన్నందుకు అక్కడ లాకప్పు లేదు, శతదినోత్సవం ఉంది.

మాట వల్ల గాయమైందని ప్రభుత్వం ఎప్పుడూ ఒప్పుకోలేదా? ఒప్పుకుంది. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి అడిగారు, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శననే నిషేధించింది. దాని మీద కోర్టుకు కూడా వెళ్లారు. మేము నిషేధాన్ని సమర్థించడం లేదు. కాళ్లకూరి నారాయణరావు నాటకం ఆడి బతికే పేద కళాకారుల పొట్ట కొట్టడం సుబ్బిశెట్టికి మర్యాద తెచ్చిపెట్టదు. మేము చెప్పేది, ఒక కులం తన మీద పడ్డ నవ్వుకు జీవో సంపాదించుకోగలిగింది. చిందువాళ్లు ఎవరి దగ్గరికి పోవాలి? 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టం, నలుగురిలో కులం పేరుతో దూషించడాన్ని నేరంగా రాసింది. పేరు పెట్టి తిడితే కేసు. పేరును క్రియాపదం చేసి తిడితే? 'చిందులెయ్యకు' అన్నవాడి మీద ఏ ఠాణాలో ఎఫ్ఐఆర్ రాస్తారు? రాయాలని కూడా మేము అడగం. గంగిరెద్దులవాళ్లు, దొమ్మరవాళ్లు ఆ చట్టం పరిధిలోనే లేరు. పిచ్చిగుంట్ల అన్న పేరు భరించలేక వంశరాజ్ అని పిలిపించుకుంటున్నవాళ్లు, చట్టం కోసం చూడకుండా పేరే మార్చుకోవాల్సి వచ్చింది. రెడ్ల గోత్రాలు, కాపుల గోత్రాలు తరతరాలుగా నోట పట్టుకుని చెప్పినవాళ్లకు చివరికి తమ పేరు తామే కొత్తగా పెట్టుకునే గతి!

వామపక్షాలు ఏం చేశాయని అడుగుతారు. 1940లలో ప్రజానాట్యమండలి జంగం కథను తీసుకుని బుర్రకథ చేసింది. నాజర్ లాంటి మహాకళాకారుడు అందులోంచే వచ్చాడు. కథకుడి పక్కన హాస్యం వంత, రాజకీయం వంత అని ఇద్దరు నిలబడ్డారు. ఇక్కడ హాస్యానికి నోరు దొరికింది, దాన్ని మేము గౌరవిస్తాం; దొరల మీద, సర్కారు మీద ఆ నోరు నిప్పులు కక్కింది. కానీ జంగం అన్న కులం మాట పక్కకు పోయి బుర్ర అన్న వాయిద్యం మాట ముందుకొచ్చింది. కళను జనం దగ్గరికి తీసుకుపోతున్నామనుకున్నవాళ్లు, అది ఏ జనం దగ్గరి నుంచి తీసుకున్నారో చెప్పకుండానే తీసుకుపోయారు. పైగా హాస్యాన్నీ రాజకీయాన్నీ రెండు వంతలుగా విడగొట్టి అటొకరిని, ఇటొకరిని నిలబెట్టారు. జాంబపురాణంలో ఆ రెండూ ఒకే నోట్లో ఉన్నాయి.

మాటను తిరిగి గెలుచుకున్న ఒక్క పెద్ద సందర్భం మనకుంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన పోరాటానికి దండోరా అని పేరు పెట్టారు. దండోరా వెయ్యడం అంటే అప్పటిదాకా వెట్టివాడి పని, లేదంటే ఇంటిగుట్టు వీధిలో పెట్టే పని. ఆ మాటను ఉద్యమం మెడలో వేసుకుంది. తమ పేర్ల చివర కులం పేరు తగిలించుకుని జనం డప్పులతో రోడ్ల మీదికి వచ్చారు. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పును ఎవరు ఎలా చదివినా, దండోరా అన్న మాట ఇంకెప్పుడూ పాత అర్థంలో పూర్తిగా ఇమడదు. కానీ పక్కనే ఉన్న డప్పును చూడండి. 'సొంత డప్పు కొట్టుకుంటున్నాడు' అని మన పత్రికలు ఇప్పటికీ రాస్తాయి, మన నాయకులు ఇప్పటికీ అంటారు. డప్పు ఏనాడైనా సొంతానికి కొట్టుకున్నామా? చావుకు కొట్టాం, జాతరకు కొట్టాం, దొర ఊరేగింపుకు కొట్టాం. అన్నీ ఇంకొకరివే.

చిందు మాటకు దండోరా భాగ్యం పట్టలేదు. 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలన్నీ 'చిందు యక్షగానం' అని గౌరవంగా రాశాయి. యక్షగానం అన్న తోక లేకుండా చిందు ఒక్కటే ఢిల్లీ దాకా పోగలిగేదా అన్నది మా అనుమానం. లోపలి పేజీలోకి వెళితే ఫామ్‌హౌస్ మీద పోలీసుల దాడి వార్త ఉంటుంది, దాని శీర్షికలో 'చిందులు' ఉంటాయి. రెండు పేజీలనూ ఒకే చేత్తో తిప్పి చదివే అలవాటు మనకైపోయింది.

మనకు అని ఎందుకంటున్నామంటే, ఈ తిట్ల కింది అంతస్తు మన ఇళ్లలోనే ఉంది. మాదిగవాడలో డక్కలి అన్న మాట తిట్టు. డక్కలివాళ్లు మాదిగల వంశాలు చెప్పేవాళ్లు, పటం విప్పి జాంబవుడి కథ పాడేవాళ్లు. వాళ్లను మనం ఇంట్లోకి రానివ్వలేదు, మన బావి తాకనివ్వలేదు. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన సంఘాలు శాలువాలు కప్పాయి. అదే కాలంలో మురికి బట్టలతో ఇంటికొచ్చిన కొడుకును 'డక్కలోని లెక్క తయారైనవేందిరా' అని మాలో ఒకరి తల్లి అన్నది. ఆ కొడుకు ఈ వ్యాసం రాస్తున్న నలుగురిలో ఒకడు. తల్లికి ఎదురు చెప్పలేకపోయాడు. ఏమని చెప్తాడు? ఊరు మనల్ని ఎలా చూసిందో మనం వాళ్లను అలా చూశాం, ఊరు మన పనిని ఎలా తిట్టు చేసిందో వాళ్ల బతుకును మనం అలా తిట్టు చేశాం. మాలవాడలో ఆశ్రిత కులాల గురించి ఇలాంటి లెక్కే ఉంది, ఆ లెక్క అక్కడివాళ్లే రాస్తే బాగుంటుంది.

టీచర్లను ఒకటి అడుగుతున్నాం. నిఘంటువులు దిద్దే దాకా ఆగక్కర్లేదు, సెమినార్లు పెట్టక్కర్లేదు. రేపు క్లాసులో ఒక పిల్లవాడు మిమ్మల్ని అనుకరించి పట్టుబడితే, వాడు ఏ మాట పట్టుకున్నాడో, ఏ విరుపు పట్టుకున్నాడో ముందు వినండి. చాలాసార్లు వాడు పట్టుకున్నది నిజమే అయివుంటుంది.

ఆ సభ సంగతి చెప్తామన్నాం. నాయకుడి ఉపన్యాసం అయ్యేసరికి రాత్రి పదిన్నర. వేదిక ఖాళీ చేశారు. మద్దెల మోగింది, హార్మోనియం అందుకుంది, బుడ్డర్‌ఖాన్ రావాల్సిన సమయమైంది. వచ్చాడు. మామూలుగా గెంతుతూ వస్తాడు. ఆ రాత్రి నింపాదిగా నడుచుకుంటూ వచ్చి వేదిక నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మద్దెల వాయించే ఆయన దరువు వేసి వేసి, "ఎగురవేందిరా?" అన్నాడు. "సారు కూసోమన్నడు" అన్నాడు బుడ్డర్‌ఖాన్. "ఇది సభనట. సభల చిందెయ్యద్దట. నేను సుత ఉపన్యాసమే ఇస్త." అని లేచి, భుజం మీది తువ్వాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, లేని మైకును రెండుసార్లు వేలితో కొట్టి చూసి, "సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టాడు. అచ్చంగా ఆ ఆగడమే, ఆ దగ్గే, చివర్న 'ముగిస్తున్నా' అని మూడుసార్లు చెప్పి ముగించకపోవడమే. వెనక కుర్రాళ్లు కుర్చీల్లోంచి కింద పడ్డారు. మేము ముందు వరసలో ఉన్న నాయకుడి వైపు చూశాం. మొదట ముఖం ముడుచుకున్నాడు. తర్వాత తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి. బుడ్డర్‌ఖాన్ వేదిక అంచుకు వచ్చి ఆయనకు వంగి దండం పెట్టాడు.

"ఇగ చెప్పుండ్రి సారూ, సభే నడిపియ్యాల్నా, బాగోతం మొదలువెట్టాల్నా?"

నాయకుడు తువ్వాలు తియ్యకుండానే, కానియ్యమని చెయ్యి ఊపాడు. మద్దెల అందుకుంది.